డైనాస్టీ లీగూ, హైదరాబాద్ పోలీసులూ

అమెరికా క్లయింటుతో పనిచేసే వాళ్ళకి ఈ సంగతి తెలిసే ఉంటుంది. ఆగస్టు వచ్చిందంటే చాలు, కాల్ మొదలైన పది నిమిషాలూ ఫాంటసీ ఫుట్‌బాల్ గోలే. వాళ్ళ ఫుట్‌బాల్ అంటే హెల్మెట్లు పెట్టుకుని చేత్తో విసిరేది లెండి, దానికా పేరు ఎందుకొచ్చిందో నన్నడక్కండి. ఆ మధ్య నన్నూ ఒక లీగులోకి లాగారు. మామూలు లీగు కూడా కాదు, 'డైనాస్టీ' లీగట. మాది రామగిరి. మా వైపు డైనాస్టీ అంటే 1565లో తళ్ళికోట దగ్గర ఓడిపోయాక రాజధానిని పెనుకొండకి మార్చుకున్న అరవీటి వంశమే గుర్తొస్తుంది. ఇక్కడ వంశం అంటే మన టీం అన్నమాట.

తెలియని వాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా. మామూలు ఫాంటసీ లీగులో ప్రతి సీజనుకీ పలక తుడిచేసి అందరూ మళ్ళీ మొదటినుంచీ ఆటగాళ్ళని ఎంచుకుంటారు. డైనాస్టీలో అలా కాదు. మొదటి ఏడు ఎంచుకున్నవాళ్ళు ఏళ్ళ తరబడి మీతోనే ఉంటారు, మీరు వదులుకుంటే తప్ప. ఏటా కాలేజీల నుంచి కొత్తగా వచ్చే కుర్రాళ్ళని మాత్రం వరసగా పంచుకుంటారు, పోయినేడు ఆఖర్న ఉన్నవాడికి మొదటి ఛాన్సు. ఆ ఛాన్సుని కూడా బేరం పెట్టొచ్చు. "నీ స్టార్‌ని నాకివ్వు, వచ్చే రెండేళ్ళ నా మొదటి పిక్కులు నువ్వు తీసుకో" అని. కాబట్టి స్ట్రాటజీ అంతా ఒకటే మీమాంస, ఈ ఏడు గెలవాలా, మూడేళ్ళ తర్వాత గెలవాలా అని. బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ ఇరవయ్యేడు దాటాడంటే అతని ధర పడిపోతుంది. అందుకని ఇంకా బాగా ఆడుతుండగానే అమ్మేయమంటారు.

మా ఊరివాళ్ళకి ఇదేం కొత్త కాదు. రామగిరి బంగారు గనులు నాకు ఊహ తెలిసేసరికే మూతపడి ఉన్నాయి, వాటిని నడిపిన భారత్ గోల్డ్ మైన్స్ కూడా 2001లో మూతపడింది. గని విలువ ఇప్పటిదాకా ఎంత తీశారన్నదాంట్లో ఉండదు. లోపల ఇంకెంత ఉంది, తీయడానికి ఎంత ఖర్చవుతుంది అన్నదాంట్లో ఉంటుంది. ఆటగాడి సంగతీ అంతే.

ఈ స్ట్రాటజీ వ్యాసాలన్నీ చదువుతుంటే, అసలు సిసలు డైనాస్టీ మన దగ్గరే ఒకటి ఉండేది కదా అనిపించింది. హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ టీం. 1950 నుంచి 1954 దాకా బొంబాయి రోవర్స్ కప్ వరసగా అయిదేళ్ళు గెలిచారు. కలకత్తా క్లబ్బులంటే అందరూ హడలిపోయే రోజులవి.

దీని వెనక ఉన్నాయన సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో 'మైదాన్' సినిమా వచ్చాక పేరు కొంచెం తెలిసింది గానీ, అంతకుముందు మనలో ఎంతమందికి తెలుసు? 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉద్యోగం స్కూలు టీచరు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ అయ్యారు, 1950లో పోలీస్ టీంకి కోచ్ అయ్యారు. ఈ రెండు పదవులూ ఒకే మనిషి చేతిలో ఉండటమే అసలు కిటుకని నా అభిప్రాయం. కోచ్‌కి కావాల్సింది ఈ ఏడు కప్పు. సెక్రటరీకి కావాల్సింది ఊళ్ళో లీగు, కుర్రాళ్ళు. మామూలుగా ఈ రెండూ కొట్టుకుంటాయి, ఇక్కడ కొట్టుకోలేదు. డ్రిబ్లింగ్ చేయకూడదు అని నియమం పెట్టి ఒక టోర్నమెంటు, అలవాటు లేని కాలితోనే ఆడాలి అని ఇంకొకటి పెట్టేవారాయన. అక్కడ తేలినవాడికి పోలీసు ఉద్యోగం. ఆ కాలంలో నెలజీతం అంటే మాటలా! మల్టీ ఇయర్ కాంట్రాక్టు కంటే గట్టిది.

తులసీదాస్ బలరాం కథ చూడండి. సికిందరాబాద్ పక్కన అమ్ముగూడ కుర్రాడు, పేద కుటుంబం. ప్రాక్టీసుకి అంతదూరం రోజూ రాలేనంటే, అద్దె సైకిలుకి డబ్బులు రహీం సాబే ఇచ్చారు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌కి ఆ కుర్రాడు ఇండియా టీంలో ఉన్నాడు. ఆ టీంకి కోచ్ కూడా రహీమే, నాలుగో స్థానం వచ్చింది. మళ్ళీ 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ టీంలో పీకే బెనర్జీ, బలరాం, తంగరాజ్ లాంటి కొద్దిమంది తప్ప మెల్బోర్న్ వాళ్ళు కనపడరు. మెల్బోర్న్‌లో ఆస్ట్రేలియా మీద హ్యాట్రిక్ కొట్టిన నెవిల్ డిసౌజా కూడా లేడు. ఆరేళ్ళలో టీంని దాదాపు తిరగేసి, 1962 సెప్టెంబరులో కొరియా మీద 2-1తో బంగారు పతకం తెచ్చారాయన.

అన్నట్టు ఒక తమాషా. ఫాంటసీ ఫుట్‌బాల్ పుట్టింది కూడా ఆ 1962లోనే. ఓక్లాండ్ రైడర్స్‌లో వాటా ఉన్న బిల్ వింకెన్‌బాక్ అనే ఆయన న్యూయార్క్ హోటల్లో కూర్చుని ఇద్దరు ముగ్గురితో కలిసి రూల్స్ రాసుకున్నాడు.

ఇక బాధ కలిగించే భాగం. బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళిపోయాడు. రహీం 1963 జూన్‌లో కాన్సర్‌తో పోయారు. ఆ ఏడు రోవర్స్ కప్ ఆంధ్రప్రదేశ్ పోలీస్‌దే, ఆ తర్వాత మళ్ళీ రాలేదు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ టీంలో మెరిసిన మహమ్మద్ హబీబ్‌ని 1966లో ఈస్ట్ బెంగాల్ తీసుకుపోయింది, నయీముద్దీన్‌ని కూడా. 1977లో పీలే కాస్మోస్ టీంతో ఈడెన్ గార్డెన్స్‌కి వచ్చినప్పుడు మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టింది ఈ హబీబే. తర్వాత షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్... అందరిదీ అదే రైలు.

వాళ్ళు వెళ్ళడం తప్పంటానా? అనను. బెంగుళూరులో కూర్చుని ఇది టైపు చేస్తున్న నేను ఆ మాట ఎలా అంటా? డబ్బూ పేరూ జనమూ అక్కడున్నాయి. నా బాధ వేరే. ఇంతమందిని ఇచ్చిన హైదరాబాద్‌కి బదులుగా ఏం వచ్చింది? ఏమీ రాలేదు. పేరుకి అందరూ అమెచ్యూర్లే కాబట్టి అమ్మకమూ లేదు, కొనుగోలూ లేదు. కుర్రాడు అక్కడ సంతకం పెడితే ఇక్కడ ఖాళీ. డైనాస్టీ లీగులో కొత్తగా చేరిన తింగరోడు కూడా స్టార్‌ని ఇచ్చి ఒక్క పిక్ అయినా తీసుకోకుండా ఉండడు. ఒక తరం పోతే ఇంకో తరం వస్తుందని ధైర్యంగా ఉన్నారు, ఆ తరాన్ని వెతికి తెచ్చే మనిషి పోయాక గానీ తెలియలేదు.

హైదరాబాద్ ఎఫ్‌సీ కథ దీనికి రెండో సగం. 2019లో పెట్టారు. మనోలో మార్కెజ్ కోచ్‌గా కుర్రాళ్ళతో టీం కట్టి, ముందు ఓగ్బెచేని నిలబెట్టి, 2021-22 ఐఎస్ఎల్ గెలిచారు. ఫైనల్లో పెనాల్టీల మీద కేరళ బ్లాస్టర్స్‌ని ఓడించారు. అంతకుముందే లిస్టన్ కొలాసోని మళ్ళీ కలకత్తాకే ఇచ్చారు, కానీ ఈసారి ట్రాన్స్‌ఫర్ ఫీజు తీసుకుని. ఇదీ పద్ధతి అని నేను చాలా సంబరపడ్డా. తీరా చూస్తే బకాయిల గొడవల్లో టీం చెదిరిపోయింది, 2023-24లో ఒక్కటంటే ఒక్క మ్యాచ్ గెలిచి ఆఖర్న నిలిచింది, 2025లో క్లబ్బే ఢిల్లీకి పోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఎన్ని పిక్కులుంటే ఏం లాభం, లీగ్ ఫీజు కట్టకపోతే :)

ఇప్పుడు నా చూపంతా అనంతపురం మీద. విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన ఆర్‌డీటీ వాళ్ళ స్పోర్ట్స్ విలేజ్ ఉంది కదా, 2010లో నడాల్ వచ్చి టెన్నిస్ స్కూలు ప్రారంభించిన చోటు. అక్కడే ఫుట్‌బాల్ అకాడమీలో మా చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలు, ఆడపిల్లలు కూడా, ఆడుతుంటారు. బాగా ఆడినవాళ్ళని రేపు ఏ గోవానో కలకత్తానో తీసుకెళ్తుంది, వెళ్ళనీండి. కుర్రాడు దేశం దాటి క్లబ్ మారితే, చిన్నప్పుడు తర్ఫీదిచ్చిన క్లబ్బుకి వాటా దక్కాలని 2001లో ఫిఫా రూల్ పెట్టింది. హబీబ్ రైలెక్కిన 35 ఏళ్ళకి. అలాంటిదే మన దేశం లోపల మారినప్పుడు కూడా గట్టిగా వసూలయ్యేట్టు ఉండాలని, ఆ డబ్బు అనంతపురం మట్టి గ్రౌండ్లకే తిరిగి రావాలని నా కోరిక.