నవాహోల కాలేజీలో చిన్న గ్రంథాలయం

రికార్డు రూములో పనిచేసినవాణ్ణి గనుక, గ్రంథాలయమంటే నా చూపు పాత కాగితాల మీదికే పోతుంది. అమెరికాలోని నవాహో గిరిజనులు 1968లో సొంత కాలేజీ స్థాపించుకున్నారు. గిరిజనులే నడిపే కాలేజీల్లో అదే మొదటిది. అరిజోనాలో ఉన్న దాని గ్రంథాలయం చిన్నదే. అయినా విద్యార్థులతోపాటు చుట్టుపక్కల వారికీ ఉపయోగపడుతోంది.

1864లో సైన్యం వేలాది నవాహోలను వందల మైళ్లు నడిపించి న్యూమెక్సికోలో నిర్బంధించింది. 1868 ఒడంబడికతో ఇళ్లకు తిరిగొచ్చారు. సర్కారు దస్త్రాల్లో వాళ్లు రేషను లెక్కలే. ఇంటి పెద్దలు తరతరాలుగా చెప్పుకున్న ఆ నడక కథనాలను 1973లో ఈ కాలేజీయే పుస్తకంగా అచ్చువేసింది. చదివే పిల్లవాడికి అందులో కనిపించేది సొంత ముత్తాతల మాట.

నేను శుద్ధప్రతి రాసిన ఫైళ్లలో మన ఏజెన్సీ జనం "సదరు గ్రామస్థులు"గానే ఉండేవారు. ఒక్కరి పేరైనా అడిగి రాసుకోవాలని నాకూ తోచలేదు.