సమర్థిస్తూ రాయండి

పదో తరగతి తెలుగు ప్రశ్నపత్రంలో ‘సమర్థిస్తూ రాయండి’ అన్న మాట కనబడగానే కలం ఆగిపోయే పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. పద్యం ఒప్పజెబుతారు, ప్రతిపదార్థం గడగడా రాస్తారు. ఎదుటివాణ్ని ఒప్పించమంటేనే చిక్కు. మహబూబాబాద్ జిల్లా నెల్లికుదురు ప్రాంతానికి మాత్రం ఈ విద్య కొత్తదేమీ కాదు. దగ్గర్లోని ఇనుగుర్తిలో వందేళ్ల కిందటే దాన్ని అచ్చువేసి పంచారు.

నిజాం రాజ్యంలో కచేరీ భాష ఉర్దూ. 1918లో ఏర్పడ్డ ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ బోధన ఉర్దూలోనే. 1921లో హైదరాబాద్‌లో జరిగిన సంఘ సంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. మరుసటి ఏడు ఆగస్టులో ఒద్దిరాజు సోదరులు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు ఇనుగుర్తి నుంచి ‘తెనుగు’ వారపత్రిక మొదలుపెట్టారు. రాయడం, అక్షరాలు కూర్చడం, అచ్చువేయడం, టపాలో పంపడం అన్నీ వాళ్లే. తెలుగులో వాదించి రాస్తే మార్కులు రాని కాలంలో ఆ పని నేర్పిన బడి అదీ.

కోస్తా జిల్లాల్లో గొడవ వేరు. అక్కడ తెలుగు వ్యాసం అప్పటికే పరీక్షలోకి వచ్చింది. దాన్ని గ్రాంథికంలో రాయాలా వాడుక భాషలోనా అన్నదే తగువు. మద్రాసు విశ్వవిద్యాలయం వేసిన సంఘంలో గురజాడ అప్పారావు 1914లో వాడుక భాష పక్షాన తన అసమ్మతి పత్రం సమర్పించారు. తెలుగు ఎలా రాయాలో తేల్చే ఆ వాదన ఇంగ్లీషులో నడవడం మరో విచిత్రం.

మళ్లీ తెలంగాణకు వస్తే, వాదానికి సాక్ష్యం ఎలా కూర్చాలో చూపింది సురవరం ప్రతాపరెడ్డి. తెలంగాణలో కవులు పూజ్యం అని ముడుంబ వెంకటరాఘవాచార్యులు అంటే, సురవరం తిట్టుకు తిట్టు జవాబివ్వలేదు. తన ‘గోలకొండ’ పత్రిక ద్వారా పద్యాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువరించారు. ఇక మాట్లాడేందుకు అవతలివాళ్లకు ఏం మిగులుతుంది?

తర్వాత తెలుగు మాధ్యమం బడులు పెరిగాయి, వ్యాసరచన మామూలైంది. ఉపోద్ఘాతం, విషయం, ముగింపు. గ్రంథాలయాల మీదైనా, వరకట్నం మీదైనా గైడులోని మూసే దిక్కు. పిల్లల అభిప్రాయం అడిగినవాళ్లు తక్కువ.

2014–15లో తెలంగాణలో నిరంతర సమగ్ర మూల్యాంకనం పదో తరగతికి వచ్చింది. అప్పుడు రాత పరీక్షకు 80, అంతర్గతంగా 20 మార్కులు పెట్టారు. స్వీయరచన, సృజనాత్మకత కింద కరపత్రం, లేఖ, సంభాషణ అడగసాగారు. మొరకూ వాదానికీ తేడా ఎక్కడుందో చెప్పడానికి చిన్న ఉదాహరణ చాలు. ‘మా ఊరికి బస్సు లేక చాలా ఇబ్బందిగా ఉంది’ అని రాస్తే అది మొర. ‘బస్సు లేక ఆడపిల్లలను పై తరగతులకు పంపడం లేదు, ఈ దారిలో నష్టమొస్తుందని ఆర్టీసీ అంటుంది, కానీ బడివేళలకు రెండు ట్రిప్పులు నడిపితే చాలు’ అని రాస్తే అది వాదం. అవతలివాడి అభ్యంతరాన్ని ముందే ఎత్తి జవాబు చెప్పడం చాలామంది మరిచిపోయే మెట్టు.

గైడులు ఊరుకుంటాయా? కరపత్రాలను కూడా ముందే వండి అమ్ముతున్నాయి. పైగా జవాబుపత్రంలో పేరు రాయకూడదన్నది నిబంధన. దాంతో ఊరిని కదిలించాల్సిన కరపత్రం కింద పిల్లలు ‘ఇట్లు, ఎక్స్ వై జెడ్’ అని సంతకం చేస్తున్నారు.