లేని కంపెనీ, లేని హ్యాకరు

1998 మేలో అమెరికాలో 'ద న్యూ రిపబ్లిక్' పత్రికలో ఓ కథనం వచ్చింది. జుక్ట్ మైక్రోనిక్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలోకి ఓ కుర్ర హ్యాకరు చొరబడితే, కేసు పెట్టాల్సింది పోయి అతనికే ఉద్యోగమిచ్చారట! రాసింది పాతికేళ్ళ స్టీఫెన్ గ్లాస్.

ఫోర్బ్స్ వెబ్‌సైటు విలేకరి ఆడమ్ పెనెన్‌బర్గ్ ఎంత వెతికినా ఆ కంపెనీ దొరకలేదు. దొరికిందల్లా గ్లాసే తయారుచేసిన ఓ నాసిరకం వెబ్ పేజీ. అతని ఉద్యోగం ఊడింది. మొత్తం 41 కథనాల్లో కనీసం 27లో కల్పన ఉందని పత్రికే తేల్చింది.

మరి అక్కడ వాస్తవాలు సరిచూసేవాళ్ళు లేరా? ఉన్నారు. కానీ సరిచూసింది చాలావరకు గ్లాస్ ఇచ్చిన నోట్సుతోనే. అంటే కోడు రాసినవాడే టెస్ట్ డేటా కూడా ఇచ్చాడన్నమాట. పాసవక ఏమవుతుంది?

రిలీజు హడావుడిలో నేనూ ఒకసారి ఆ పని చేసినవాణ్ణే. అందుకే ఆ పత్రికను చూసి నవ్వలేకపోతున్నాను.