నీరు - నిప్పు - గార

"ఈ నూతినీటిలో కందిపప్పు ఉడకదు" అనుమాట మన వంటయిండ్లలో క్రొత్తది కాదు. రసాయనశాలలు వెలయుటకు చాలముందే మన గృహిణులు చేసిన నీటిపరీక్ష యిది. నీరు కంటికి తేటగానే యుండవచ్చును. దాని గుట్టు పప్పునకు తెలియును. ఆ గుట్టు వంటయింటితో ముగియలేదు. స్నానపునీటి బాయిలరు మొదలు బియ్యపుమిల్లు బాయిలరు వరకు నిప్పుమీది కెక్కిన ప్రతి పాత్రయందును అది బయటపడినది. ఆ కథయే నేటి ప్రసంగము.

ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి సీమలకు రెండు విధములగు నీరు గలదు. ఒకటి కాలువనీరు. సర్ ఆర్థర్ కాటన్ పూనికతో ధవళేశ్వరమున 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ఆనకట్టవలన గోదావరి నీరు ఏలూరు వరకు వచ్చినది. కృష్ణ కాలువయు అచ్చటనే దానిని కలియును. వరదరోజులలో ఈ నీరు ఎర్రని బురద. మన పెద్దలు చిల్లగింజను కుండలోపల అరగదీసి ఆ నీటిని తేర్చెడివారు.

రెండవది నూతినీరు. బుడమేరు, తమ్మిలేరులు కొల్లేటిలో పడును. కొల్లేటినీరు ఉప్పుటేటి ద్వారమున సముద్రమును చేరును. ఈ పల్లపుసీమలో పలుచోట్ల నూతినీరు తేటగా నుండియు ఉప్పన. వేసవిలో కాలువలు కట్టివేసినపుడు చెరువులును, ఈ నూతులునే జనులకు దిక్కు.

బురద కంటికి కనబడును. నిలువనిచ్చినచో అడుగునకు దిగును. కరగిన సున్నము కనబడదు, చిల్లగింజకు లొంగదు. కావున చూపునకు చెడ్డదైన కాలువనీరు, తేరిన పిమ్మట, నిప్పునకు మేలు. చూపునకు మంచిదైన నూతినీరు పలుమారు నిప్పునకు కీడు.

1893 మొదలు 1896 లోపల బెజవాడ, కటకముల నడుమ రైలుమార్గము వేయబడెను. ఏలూరు, తాడేపల్లిగూడెము ఆ మార్గముననే యున్నవి. ఆవిరియంత్రము మన పొలముల నడుమకు వచ్చినది. తరువాత బియ్యపుమిల్లులు వెలసినవి. ఊకను మండించి ఆవిరి పుట్టించి ధాన్యమును ఉడికించి ఉప్పుడుబియ్యము చేయుట సాగినది. బాయిలరున్నచోట నీటి చింతయు తప్పలేదు.

నీరు కాగినపుడు అందు కరగియున్న సున్నము విడివడి లోహమునకు అంటుకొని గట్టిపడును. అదియే గార. గార వేడిని సరిగా పోనీయదు. ఇటు నీరు కాగదు, అటు లోహము మితిమీరి వేడెక్కును, మెత్తబడి ఉబ్బును, ఆవిరి ఒత్తిడికి తాళలేక పగులును. ఇట్టి ప్రమాదములనుండి జనులను కాపాడుటకే మనదేశమున 1923లో బాయిలర్ల చట్టము చేయబడెను. దాని స్థానమున 2025లో నూతన చట్టము వచ్చినది.

ముల్లును ముల్లుతోనే తీయవలెనన్న సామెతకు ఈ విషయమున చక్కని నిదర్శనము గలదు. స్కాట్లండు రసాయనశాస్త్రజ్ఞుడు థామస్ క్లార్క్ 1841లో నీటిలోని సున్నమును సున్నముతోనే తొలగించు పద్ధతికి హక్కుపత్రము పొందెను. కొలతప్రకారము తడిసున్నము కలిపినచో, కరగియున్న సున్నముతో కలిసి రెండును అడుగునకు దిగును. సబ్బునురుగుతో నీటి కాఠిన్యమును కొలుచు పరీక్షయు ఆయనదే.

మన యిండ్లలోని రాగి బాయిలరు ఆ మిల్లుబాయిలరునకు చిన్నచెల్లెలు. నడుమ నిప్పుగొట్టము, చుట్టును నీరు. నేడు దాని చోటున విద్యుత్ గీజరు వచ్చినది. శత్రువు మాత్రము మారలేదు. శీతలదేశములలో ఇల్లంతయు వెచ్చచేయుటకు గొట్టములలో ఒకే నీరు మరల మరల తిరుగును. అచ్చట గారకంటె తుప్పు పెద్ద శత్రువు. కావున వారు తుప్పునాపు మందును నీటిలో కలిపి, ఏటేట దాని పాలును పరీక్షింతురు.

మనము చేయదగినది స్వల్పము. సబ్బు నురుగు కట్టుచున్నదా యని చూడుడు. త్రాగునీటి కాఠిన్యము లీటరునకు 200 మిల్లీగ్రాములు మించరాదని భారతీయ ప్రమాణము. వేరు నీరు దొరకనిచోట 600 వరకు ఓర్చుకొనవచ్చును. నీరు కాగుటకు మునుపటికంటె ఎక్కువ సేపు పట్టినను, లోన చిటపటలాడినను గార పేరినదని గ్రహింపుడు. రాగి బాయిలరులో నిమ్మఉప్పు కలిపిన నీరు కొంతసేపు నిలిపి, గార వదలిన పిమ్మట బాగుగ కడుగుడు. గీజరును 60 డిగ్రీలకు మించనీయకుడు. విద్యుత్తును ఆపించి, పనివానిచే గారను తీయించి, తుప్పును తనమీద వేసికొని కరగిపోవు లోపలి మెగ్నీషియము కడ్డీని చూపింపుడు.

చిల్లగింజ పేరు పలికినంతమాత్రమున నీరు తేరదను న్యాయము మనుస్మృతిలో గలదు. బాయిలరు విషయమునను అంతే. మందు కొనితెచ్చుటతో పని తీరదు. మూత తీసి లోపల చూచిన నాడే తీరును.