పరీక్ష పెట్టాల్సింది భీమిలిలో

చెయ్యి పెట్టి చూడనిచ్చే సైన్స్ ప్రదర్శన జనానికి ఏం నేర్పుతోంది? మ్యూజియంలు ఈ ప్రశ్నకు జవాబు వెతకడం మొదలుపెట్టి దాదాపు వందేళ్లయింది. యేల్ మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ రాబిన్‌సన్ 1928లో ప్రచురించిన అధ్యయనం సందర్శకులు ఎక్కడ ఆగారు, ఎంతసేపు ఆగారు అని లెక్కకట్టింది. వస్తువులు అద్దాల వెనక ఉన్న కాలం అది. కాళ్లను బట్టే మనసును అంచనా వేయాలి. 1969లో ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్స్‌ప్లోరటోరియం తెరిచి చేతులకు పని చెప్పాడు. మనవాళ్లేమీ వెనకబడలేదు. కలకత్తా బిర్లా మ్యూజియం 1959లోనే మొదలై, 1965లో బస్సెక్కి ఊళ్లకు వెళ్లింది. హైదరాబాద్‌కు బిర్లా సైన్స్ మ్యూజియం 1990లో వచ్చింది. కొలత మాత్రం ఎక్కువగా టికెట్ల లెక్క దగ్గరో, బయటికెళ్లేటప్పుడు నింపించే ప్రశ్నపత్రం దగ్గరో ఆగిపోతుంది.

ఆ ప్రశ్నపత్రంలో తేలేది అరగంట కిందటి జ్ఞాపకమే. నేర్చుకున్నది బయట ఎదురైన వస్తువు మీద పనిచేసిందా అన్నదే అసలు పరీక్ష. విశాఖ తీరానికి ఈ పద్ధతి పాతదే. గోడే వెంకట జగ్గారావు 1840లో ఇక్కడ వేధశాల కట్టించాడు. డాల్ఫిన్ నోస్ కొండ మీద ఉదయం 9 గంటలకు జెండా దించి ఓడలకు సమయం తెలిపేవారు. నావికులకు ఖగోళశాస్త్రం ఎంత వచ్చని ఎవరూ అడగక్కర్లేదు, వాళ్ల గడియారాలే చెప్పేవి. నేటి ప్రదర్శనలకు అలాంటి గడియారం భీమునిపట్నం (భీమిలి) దారిలోనే ఉంది. 2014లో భౌగోళిక వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన ఎర్రమట్టి దిబ్బలవి. సముద్రం వెనక్కి తగ్గిన కాలాల్లో గాలి మోసుకొచ్చిన ఇసుక అక్కడ పోగుపడింది. రేణువుల మీది ఇనుము తుప్పు పట్టి ఎర్రబడింది, వానలు దాన్ని గండ్లుగా కోశాయి. మ్యూజియంలో ఫ్యాను గాలికి ఇసుక కుప్ప కదలడం చూసిన పిల్లవాడు ఈ గండి అంచున నిలబడి గాలి సంగతి ఎత్తుతాడా, లేక సినిమా పాటల లొకేషన్ అని ఫొటో తీసుకుని కదులుతాడా?

ఆ తెలివి బడిలోనే వచ్చి ఉండవచ్చుగా అంటారు. నిజమే. అందుకే మ్యూజియం చూసి వచ్చిన తరగతినీ, చూడకుండా వచ్చిన తరగతినీ పక్కపక్కన వినాలి. తేడా లేకపోతే ప్రదర్శనను మార్చాల్సిందే. జనం సరదాకు వస్తారు, పరీక్షలెందుకన్నది రెండో మాట. సరదాతో పేచీ లేదు. ప్రజాధనం అడిగేటప్పుడు మాత్రం విద్య పేరు చెబుతారు కదా! మూడో అభ్యంతరం బరువైనది. తవ్వకాలకూ చదును పనులకూ ఇప్పటికే నలిగిన దిబ్బల మీదికి బడులను తోలడం తగదు. అయితే ఈ పరీక్షకు దిబ్బలెక్కే పని లేదు, ముట్టుకునే ముచ్చట మ్యూజియంలోనే తీరింది. గట్టున నిలబడి చూస్తే పైన లేత పసుపు ఇసుక, దాని కింద ఇటుక ఎరుపు పొర కనిపిస్తాయి. ఆ రంగు ఎందుకు మారిందని ఎవరూ పురమాయించకుండా ఎంతమంది అడిగారో రాసుకోవడానికి ఒక నోటుపుస్తకం సరిపోతుంది.