పదునారు మెట్లు - మన రామభజన

పోర్ట్ లూయీ రేవున ఆప్రవాసీ ఘాటునందు పదునారు రాతిమెట్లు గలవు. 1849లో అచ్చట వలసకూలీల డిపో కట్టబడెను. ఆ పిమ్మట వచ్చిన మన పూర్వులు ఓడ దిగి, మూటలు నెత్తిన బెట్టుకొని, ఆ మెట్లెక్కియే ఈ దీవిలో ప్రవేశించిరి. 1834 నవంబరు 2వ తేదీన అట్లాస్ అను ఓడలో 36 మంది వచ్చినది మొదలు 1920 వఱకు సుమారు 5 లక్షలమంది ఒప్పందపు కూలీలు ఈ రేవునకు చేరిరి. వారిలో అత్యధికులు భారతీయులు.

మన తెలుగువారిని ఇచ్చట చిరకాలము ‘కోరంగీలు’ అని పిలిచిరి. కోరంగి గోదావరి సాగరసంగమము చెంతనున్న పాత రేవు. 1839 తుపానులో ఆ రేవు మిక్కిలి దెబ్బతినెను; పేరు మాత్రము మనవారితో సముద్రము దాటి ఇచ్చట నిలిచెను.

ఆ డిపోలో పెక్కుభాగము నేడు లేదు. కొంత రహదారి క్రింద కలిసిపోయెను. మిగిలినదానిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వస్థలముగ గుర్తించెను. 2008లో లె మోర్న్ కొండకును ఆ గౌరవము లభించెను. పాఱిపోయిన బానిసలు తలదాచుకొనిన ఆ కొండ పాదమున 2009లో స్మారకశిల్పములు వెలసెను. వాని నడుమ నడచువారికి, చదువు రానివారికి సైతము, చరిత్ర బోధపడును. బహిరంగస్థలమున శిల్పము నిలుపుటకు ప్రయోజన మిదియే.

అయినను రాయి చెప్పలేనిది యొకటి గలదు. అది మనుష్యుల కంఠధ్వని. కెనడాలోని వాంకూవరు నగరమున 1970వ దశకమందు కొందఱు కళాకారులు చెవి యొగ్గి ఊరంతయు నడచు పద్ధతి నొకదానిని ప్రచారమునకు దెచ్చిరి. దానిని శ్రవణయాత్ర యనవచ్చును. ఏ స్థలమున ఏ ధ్వని యుండెనో, ఏది మాసిపోయెనో గమనించుటయే దాని సారము. మన దీవి సెగా గానమును 2014లోను, భోజ్‌పురి సోదరీమణుల గీత్ గవాయి పాటలను 2016లోను యునెస్కో మానవజాతి వారసత్వముగ గుర్తించెను.

మఱి మన రామభజన మాట యేమి? దీపస్తంభము చుట్టును తాళములతో తిరుగుచు రాత్రియెల్ల పాడుట మన పెద్దలు చెరకుతోటల శిబిరములలో నిలుపుకొనిన సంపద. సింహాద్రి అప్పన్న పూజయు, అమ్మోరు పండుగయు అట్టివే. నేడు మన పిల్లలలో పెక్కురు ఆ కీర్తనలను రోమను లిపిలో చదివి పాడుచున్నారు. రాగము నిలిచినది, అర్థము జాఱిపోవుచున్నది. అర్థము దెలిసిన వృద్ధులు ఏటేట తగ్గుచున్నారు.

కావున భక్తులకు మా మనవి యిది. రాబోవు నవంబరు 2వ తేదీన పిల్లలను, పెద్దలను వెంటబెట్టుకొని నడువుడు. మీ ఊరి పాత చక్కెరమిల్లు పొగగొట్టము కడ నిలిచి, పని గంట ఎట్లు మ్రోగెడిదో తాతగారిచే చెప్పింపుడు. గుడి ముంగిట ఒక కీర్తన పాడించి, దాని యర్థమును అమ్మమ్మగారిచే చెప్పించి, ఆమె స్వరముతోనే భద్రపఱచుడు. చివరకు ఘాటునకు బోయి, ఆ మెట్ల చెంత క్షణకాలము మౌనముగ నిలువుడు. మెట్లను ప్రభుత్వము కాపాడును. మన పలుకును మనమే కాపాడుకొనవలెను.