తమ్ముర్‌కు కుట్టి ఇచ్చిన పుస్తకం

మా ఇంటి దూలానికి వేలాడే మూటలో ఒక పుస్తకం ఉండేది. అచ్చు పుస్తకం కాదు. అరచేతికన్నా కాస్త పెద్దగా కత్తిరించిన కాగితాలు, మధ్యలో దారపు కుట్టు, పైన పాత ధోతి గుడ్డ అట్ట. మా తాత తన తమ్ముడి కోసం చేసింది. గోండీలో తమ్ముణ్ణి తమ్ముర్ అంటాం. చెదలు తినగా ఇప్పుడు మాకు తొమ్మిది ఆకులు మిగిలాయి. మా చదువుల చరిత్ర చెప్పమంటే మేము ఆ తొమ్మిది ఆకుల దగ్గరే మొదలుపెడతాం.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము నేలకొరిగాడు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకొని రమ్మని నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్‌ను పంపింది. ఆయన, భార్య బెట్టీ మార్లవాయిలో మనవాళ్ల మధ్యే ఉన్నారు. 1943లో ఆ ఊళ్లోనే గోండు పంతుళ్లకు శిక్షణ మొదలైంది. అప్పటికి మనలో చదవడం వచ్చినవాళ్లు చాలా కొద్దిమంది. మరాఠీ అక్షరాలు కాస్తో కూస్తో తెలిసిన పడుచువాళ్లను వెతికి, వాళ్లకే నేర్పి, పంతుళ్లను చేశారు. గోండీ వాచకాలను దేవనాగరి లిపిలో తయారుచేశారు. అందుకే తాత పుస్తకంలో మాట గోండీ, అక్షరం మరాఠీవాళ్లది.

మనకు సొంత లిపి లేదనే మాట మేము చిన్నప్పటి నుంచి విన్నాం. నార్నూర్ మండలం గుంజాలలో చేతిరాత గోండీ పుస్తకాలు వెలుగులోకి వచ్చాక ఆ మాట ఆగింది. 2018లో ఆ లిపి యూనికోడ్‌లోకి కూడా ఎక్కింది. తాతకు మాత్రం ఆ అక్షరాలు అందలేదు.

తాత నేర్చుకోవడానికి వెళ్లిన రోజుల్లో ఇంట్లో ఇంకొకరిని పంపే వీలు లేదు. పశువుల వెంట ఎవరో ఒకరు ఉండాలి. తమ్ముడు ఉండిపోయాడు. దీపపు మసిలో తుమ్మబంక కలిపి, వెదురుపుల్లతో తాత ఆ పుస్తకం రాశాడని మా బాపు చెప్పేవాడు. సెలవుకు ఇంటికొచ్చి తమ్ముడి చేతిలో పెట్టాడట.

మొదటి ఆకుల్లో అక్షరాలు. తర్వాత అంకెలు: ఉండి, రండ్, మూండ్, నాలుంగ్. మేము ఎక్కువసేపు చూసేది ఈ అంకెల ఆకునే. నాలుగు దగ్గర నాల్వెన్ సగ, ఐదు దగ్గర సివెన్ సగ, ఆరు దగ్గర సర్వెన్, ఏడు దగ్గర యేర్వెన్ అని రాసి ఉంది. ఎవరు ఎన్ని దేవతలవారో, ఎవరితో పెళ్లి కుదురుతుందో, ఎవరు అన్నదమ్ముల వరసో బడికి పోని పిల్లవాడికీ తెలుసు. ప్రధాన్లు కిక్రీ వాయిస్తూ చెప్పే కథల్లో విన్నదే కదా. తాత కొత్త అంకెను ఆ పాత తెలివికి కట్టేశాడు. తెలిసినదాని నుంచి తెలియనిదానికి తీసుకెళ్లాలని మాకు డీఎడ్‌లో నెలల తరబడి చెప్పారు. తాతకు ఎవరు చెప్పారో మరి!

చివరి మూడు ఆకుల్లో అన్న మాటలు ఉన్నాయి. చదివి వినిపించని కాగితం మీద వేలు పెట్టొద్దు. తొందరపెడితే, అన్న వచ్చేదాకా ఆగమను. సావుకారికి ఎన్ని పాయిలీల జొన్నలు కొలిచావో ఆ రాత్రే గోడమీద గీతలు పెట్టుకో. పట్టా కాగితం ఎవరికీ దాచమని ఇవ్వకు.

ఈ మాటల వెనక మన భూముల కథంతా ఉంది. పంట అప్పుకు పోయేది, అప్పు తీరేది కాదు, చివరికి వేలిముద్రతో చేను పోయేది. గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకుండా 1959లో చట్టం వచ్చింది, 1963లో తెలంగాణ ప్రాంతానికి వర్తించింది, 1970 సవరణతో గట్టిపడింది. చట్టం వచ్చేదాకా మా ఇంటి నాలుగెకరాలను కాపాడింది చిన్నతాత నోట ఒకే మాట: "అన్న రానీ." పక్క చేలవాళ్లకు అట్లా చెప్పే అన్న లేడు. వాళ్ల మనవలు ఇప్పుడు అదే నేలలో కూలికి పోతున్నారు.

ఒక సంగతి దాచలేం. తాతకు చెల్లెలు కూడా ఉంది. ఆమెకు ఏ పుస్తకమూ కుట్టలేదు. ఎందుకని అడిగే వయసు మాకు వచ్చేసరికి ఆయన లేడు. ఆ అవ్వ చివరిదాకా పింఛను కాగితం మీద వేలిముద్రే వేసింది.

2004లో గోండీ, కోయ, కొలామీ, సవర వంటి ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో వాచకాలు తెచ్చి కొన్ని బడుల్లో మొదలుపెట్టారు. మంచి పని. అయినా ఇవాళ్టికీ ఆశ్రమ పాఠశాలకు కొత్తగా వచ్చిన పిల్లలు దాహమేస్తే ఏ మాటతో అడగాలో తెలియక నిలబడిపోవడం మేము చూస్తూనే ఉన్నాం.

మొన్న జూన్‌లో మా ఐదో తరగతి అమ్మాయి ఒకతి పాత క్యాలెండర్ కాగితాలు మడిచి, సూదీ దారంతో కుట్టుకుంటూ కూర్చుంది. తమ్ముడు ఒకటో తరగతిలో చేరుతున్నాడు. ఒక్కో బొమ్మ కింద రెండు మాటలు, రెండూ తెలుగు లిపిలోనే: ఏర్, నీళ్లు. గాటో, అన్నం. రోన్, ఇల్లు. వాడికి ఇంకా చదవడం రాదు కదా అని అడిగాం. "బొమ్మ చూపిస్తే మీకు అర్థమైతది కదా సార్" అంది. చివరి కాగితం మీద హాస్టల్ వరండా బొమ్మ గీసి, తాను పడుకునే గది తలుపుకు ఎర్ర రంగు వేసింది, రాత్రి భయమైతే వాడు వచ్చి తట్టడానికి.